థాయిలాండ్, కంబోడియా: చరిత్ర, సంస్కృతి, కళలు

థాయిలాండ్, కంబోడియా ఆగ్నేయాసియాలో ఇరుగుపొరుగు రాజ్యాలు. రెండూ ఉష్ణమండలంలోవే. రెండు చోట్లా రాజరికం, థేరవాద బౌద్ధం, ముసుగులు వేసుకుని ఆడే రామాయణ నాటకం ఉన్నాయి. ఏ కళ ఎవరి సొత్తన్న తగవు నేటికీ తెగలేదు. చరిత్ర మాత్రం రాకపోకలు రెండు వైపులా సాగాయనే చెబుతుంది.

మొదట పెద్దరికం కంబోడియా ఖ్మేర్లది. 12వ శతాబ్దపు తొలి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు ఆంగ్కోర్ వాట్ ఆలయం కట్టించాడు. దాని దక్షిణపు గోడ మీద చెక్కిన సైనిక ఊరేగింపులో ఒక దళం వేషధారణ మిగతావారికి భిన్నంగా ఉంటుంది. పక్కనున్న శాసనం వారిని ‘శ్యాం’ అని పేర్కొంటుంది. వారు సయామీయులే, అంటే థాయ్‌లేనని చాలామంది పండితుల అభిప్రాయం. మూడు శతాబ్దాలు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. 1431లో థాయ్ రాజ్యమైన అయుత్థయ సేనలు ఖ్మేర్ రాజధాని ఆంగ్కోర్‌ను పట్టుకున్నాయి. గెలిచినవారు ఓడినవారి దగ్గరే రాజమర్యాదలు, ఆస్థాన పదజాలం నేర్చుకున్నారు. థాయ్ లిపి కూడా ఖ్మేర్ లిపి నుంచి పుట్టిందే. ఖ్మేర్‌లో మన వత్తుల్లాగే అక్షరం కింద అక్షరం రాస్తారు. థాయ్‌లో ఆ పద్ధతి లేదు.

రామాయణం థాయిలాండ్‌లో ‘రామకియన్’, కంబోడియాలో ‘రియామ్‌కేర్’. థాయ్ రాజు మొదటి రామ 1797లో రామకియన్‌ను సమగ్రంగా రాయించాడు. బ్యాంకాక్‌లోని వాట్ ఫ్రా కేవ్ ప్రాకార మండపంలో ఆ కథను 178 కుడ్యచిత్రాలుగా చూడవచ్చు. ఈ కథల్లో హనుమంతుడు బ్రహ్మచారి కాడు. వారధి కట్టేటప్పుడు అడ్డొచ్చిన రావణుడి కూతురు, బంగారు మత్స్యకన్య సువన్నమచ్ఛను ప్రేమిస్తాడు. వారి కొడుకు మచ్ఛాను పాతాళంలో మైయరాప్ కొలువులో కాపలా ఉండి, తండ్రినే అడ్డగిస్తాడు. మైరావణ చరిత్ర, మత్స్యవల్లభుడి కథ విని పెరిగిన తెలుగువారికి ఈ ఘట్టం కొత్తేమీ కాదు.

19వ శతాబ్దంలో ప్రవాహం ఎదురు తిరిగింది. బ్యాంకాక్‌లో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన ఆంగ్ డువాంగ్ 1848లో కంబోడియా సింహాసనం ఎక్కాడు. ఆయన కాలంలో ఖ్మేర్ ఆస్థాన నృత్యం సయాం (నేటి థాయిలాండ్) ప్రభావంతో కొత్త రూపు దిద్దుకుంది.

సయాం ఎన్నడూ ఐరోపావారి వలస కాలేదు. కంబోడియా 1863 నుంచి 1953 దాకా ఫ్రాన్స్ రక్షణలో ఉంది. ఆంగ్కోర్ ఉన్న సియెమ్ రీప్ ప్రాంతాన్ని సయాం 1907లో ఫ్రాన్స్‌కు వదులుకుంది. రెండు దేశాల సరిహద్దులోని ప్రేహ్ విహార్ ఆలయం కంబోడియాదేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పిచ్చినా సరిహద్దు రగులుతూనే ఉంది. 2025 జూలైలో మళ్లీ ఫిరంగులు పేలాయి.

కంబోడియా కళల గతిని అన్నిటికన్నా ఎక్కువగా మార్చింది 1975–79 నాటి ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలన. ఆస్థాన నర్తకులు, గురువులు చాలామంది ఆ నాలుగేళ్లలో అసువులు బాశారు. పుస్తకాల్లోకి ఎక్కని ముద్రలు, అడుగులు వారితోనే పోయాయి. మిగిలిన కొద్దిమందిలో ఒకరైన చియా సామీ, గుర్తున్నంత మేరకు మళ్లీ పిల్లలకు నేర్పారు. 2018లో యునెస్కో రెండు దేశాల ముసుగు నాటకాలనూ గుర్తించింది. థాయ్ ‘ఖోన్’కు మానవాళి వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో చోటు దక్కింది. వాట్ స్వాయ్ ఆండెట్ గ్రామస్థులు ఆడే ఖ్మేర్ ‘ల్ఖోన్ ఖోల్’ను తక్షణం కాపాడుకోవలసిన కళల జాబితాలో చేర్చారు.