నిలబడి పనిచేసేవాళ్ల పలక

2011 జూన్ 29న పశ్చిమ త్రిపురలోని సంఖోలా గ్రామంలో సామాజిక, ఆర్థిక, కుల గణన మొదలైంది. గడప గడపకూ వెళ్లే జట్టులో ఇద్దరుండేవారు. ఎన్యూమరేటర్ ప్రశ్న అడిగేవారు, డేటా ఎంట్రీ ఆపరేటర్ జవాబు నమోదు చేసేవారు. ఆ నమోదంతా ప్రభుత్వ రంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిన్న ట్యాబ్లెట్‌లోనే. దేశమంతటా ఆ గణనకు వాడిన చేతి యంత్రాలు దాదాపు 6.4 లక్షలు.

వాళ్లకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి ఉంటే? అరుగు మీద చోటు చూసుకోవాలి, మూత తెరవాలి, ఒళ్లో సర్దుకోవాలి, మళ్లీ మూసి పక్కింటికి వెళ్లాలి. ల్యాప్ అంటే ఒడి. నిలబడ్డ మనిషికి ఒడి ఉండదు. ల్యాప్‌టాప్ బదులు ట్యాబ్లెట్ పట్టుకుని పనికి వెళ్లినవాళ్ల కథంతా ఈ చిన్న తేడా చుట్టూనే తిరుగుతుంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు: ఎడమచేత్తో పట్టుకోవడం, కుడిచేత్తో రాయడం.

మూత తెరిచి వాడే ల్యాప్‌టాప్‌కు ఆద్యంగా చెప్పే యంత్రం, వ్యాపారంలో నిలదొక్కుకున్న తొలి ట్యాబ్లెట్, రెండూ ఒకే కంపెనీ నుంచి వచ్చాయి. అమెరికాకు చెందిన గ్రిడ్ సిస్టమ్స్ 1982లో ‘కంపాస్’ను తెచ్చింది. బిల్ మాగ్రిడ్జ్ దాన్ని డిజైన్ చేశారు. ధర 8 వేల డాలర్లకు పైనే. అంతరిక్ష నౌకల్లోనూ అది ప్రయాణించింది. ఏడేళ్లు తిరిగేసరికి, 1989లో, అదే సంస్థలో జెఫ్ హాకిన్స్ ‘గ్రిడ్‌ప్యాడ్’ను రూపొందించారు. బరువు సుమారు రెండు కిలోలు, ధర 2,370 డాలర్లు. ఆ ధరకు ఇంట్లో వాడుకోవడానికి ఎవరు కొంటారు? అందుకే హాకిన్స్ చూపు ఇళ్ల మీద కాకుండా, అట్టకు క్లిప్పు పెట్టిన ఫారాలు చంకన పెట్టుకుని తిరిగే ఉద్యోగుల మీద పడింది. గడుల్లో టిక్కు పెట్టడం, విడివిడి అక్షరాలు పూరించడం, సంతకం తీసుకోవడం. ఈ పనుల కోసమే దాన్ని సంస్థలకు అమ్మారు. ట్యాబ్లెట్ పోటీ ల్యాప్‌టాప్‌తో కాదు, కాగితంతో అని మొట్టమొదట గ్రహించినవాళ్లలో ఆయన ఒకరు. ఆ తర్వాత పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్‌ను తయారుచేసే రోజుల్లో జేబులో పట్టే చెక్కముక్కను వెంట తిప్పుకుంటూ, అదే యంత్రమన్నట్టు వాడి చూసిన మనిషి ఆయన. వాడేవాళ్ల చేతికి అంత విలువ ఇచ్చిన ఇంజనీర్లు అరుదు.

తర్వాతి ఇరవై ఏళ్లలో ఎదురుదెబ్బలే ఎక్కువ. 1993లో వచ్చిన ఆపిల్ చేతి కంప్యూటర్ న్యూటన్ చేతిరాతను తప్పుగా చదివి అభాసుపాలైంది. అయిదేళ్లలో అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే పీసీ ట్యాబ్లెట్టే అవుతుందని 2001లో బిల్ గేట్స్ చెప్పారు. అలా జరగలేదు. మౌస్ కోసం పుట్టిన విండోస్‌ను పెన్నుతో నడిపించబోవడమే అక్కడ అసలు చిక్కు. మన దగ్గర బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి అదే కాలంలో సింప్యూటర్‌ను తెచ్చారు. చదువు రానివాళ్లకు కూడా పనికిరావాలన్న తపనతో చేసిన యంత్రమది. అది పెద్దగా అమ్ముడుపోకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చింది. బరువు సుమారు 680 గ్రాములు, ఒకసారి ఛార్జి చేస్తే పది గంటలు నడుస్తుంది. సోఫాలో కూర్చుని సినిమాలు చూసుకునే వస్తువుగానే చాలామంది దాన్ని చూశారు. దాన్ని పనిముట్టుగా మలచుకున్నవాళ్లలో పైలట్లు ముందున్నారు. విమానంలోకి వెళ్లే ప్రతి పైలట్ వెంటా మ్యాపులు, మాన్యువళ్లు కుక్కిన బరువైన సంచి ఉండేది. 2011లో అలాస్కా ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు ఐప్యాడ్‌లు ఇచ్చింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013 నాటికి తన విమానాలన్నిటిలో ఆ సంచులను తీసేసింది. ఒక్కో సంచిలో 35 పౌండ్లకు మించిన కాగితం, అంటే దాదాపు 16 కిలోలు. మొత్తం 2.4 కోట్ల పేజీలు పోయాయని, ఏడాదికి కనీసం 4 లక్షల గ్యాలన్ల ఇంధనం మిగులుతుందని ఆ సంస్థ లెక్క చెప్పింది. కాక్‌పిట్‌లో ల్యాప్‌టాప్ తెరవడానికి చోటెక్కడిది?

ఆఫీసు పని సంగతి వేరు. అక్కడ వర్డ్, ఎక్సెల్ లేకపోతే చేతిలో ఎంత మంచి పలక ఉన్నా ఉత్తదే. నాలుగేళ్లపాటు ఐప్యాడ్‌కు అవి రాలేదు. సొంతంగా తెచ్చిన సర్ఫేస్ ట్యాబ్లెట్ అమ్ముడుపోక మైక్రోసాఫ్ట్ 2013లో 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థ పగ్గాలు హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతికి వచ్చాయి. మార్చి 27న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన విడుదల చేసింది ఐప్యాడ్ కోసం ఆఫీస్. పోటీదారు యంత్రానికి తమ ఇంటి బంగారాన్ని ఇవ్వడమది. సొంత విండోస్‌కు తాకి వాడే ఆఫీస్ అప్పటికింకా సిద్ధం కాలేదు కూడా. వారం తిరిగేలోగా డౌన్‌లోడ్లు కోటీ ఇరవై లక్షలకు చేరాయి. ట్యాబ్లెట్ పట్టుకుని ఊళ్లు తిరిగే ఉద్యోగికి ఇంతకన్నా పెద్ద మేలు మరొకటి జరగలేదనే చెప్పాలి.

రెండు నెలలు గడిచేసరికి మైక్రోసాఫ్ట్ 800 గ్రాముల సర్ఫేస్ ప్రో 3ని చూపిస్తూ, ల్యాప్‌టాప్ స్థానాన్ని భర్తీ చేసే ట్యాబ్లెట్ ఇదేనంది. మరుసటి ఏడాది ఐప్యాడ్ ప్రో పెన్సిల్‌తో, కీబోర్డుతో వచ్చింది. 2020 మార్చిలో ట్రాక్‌ప్యాడ్ సౌకర్యమూ చేరింది. కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్, నిలబెట్టే స్టాండు అన్నీ తగిలించాక బరువు ల్యాప్‌టాప్‌కు దగ్గరవుతుంది, మళ్లీ బల్లా కుర్చీ అవసరమవుతాయి. అయినా ఆ కీబోర్డును తప్పుపట్టలేం. 1972లో ఆలన్ కే ఊహించిన ‘డైనాబుక్’ నమూనాలోనే తెర కింద మీటలు ఉన్నాయి. పేజీల కొద్దీ రాసేవాళ్లకు మీటలు కావాలి.

తెలుగు నేల మీద ట్యాబ్ ఎక్కువగా నడిచింది మాత్రం కీబోర్డు లేకుండానే. 2016 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాసాధికార సర్వే మొదలైనప్పుడు ఎన్యూమరేటర్లు ట్యాబ్, వేలిముద్రల యంత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మొదటి రోజుల్లో సర్వర్ మొరాయించి గుమ్మాల్లో గంటలు గడిచాయి. పలక ఎంత తేలికైనా వెనకున్న సర్వర్ పలికితేనే పని సాగేది. రైతులు వేసిన పైరును లెక్కలోకెక్కించే ఈ-పంట నమోదుకు వెళ్లే వ్యవసాయ సహాయకులదీ నిలబడి చేసే పనే. ట్యాబ్‌లోనో ఫోన్‌లోనో సర్వే నంబరు తెరిచి, చేలోకి దిగి, పైరు ఫొటో తీయాలి. ఆ ఫొటోతో పాటే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. ఎండ తెర మీద పడి అక్షరాలు కనిపించకపోతే, గట్టు మీద అటు తిరిగి, ఒంటి నీడలో పెట్టుకుని చూసుకోవాలి.