మిద్దె నిలవని సీమలో మేడ

‘మేడలూ మిద్దెలూ కట్టాడు’ అని కోనసీమలోనూ అంటారు. కానీ ఆ జంటలో ఒకటే ఇక్కడి నేలది. మిద్దె అనగానే చూడాల్సింది కప్పు: దూలాల మీద కర్రలు పరిచి, మట్టి మెత్తి, బల్లపరుపుగా చేసినది. మేడ అనగానే చూడాల్సింది ఎత్తు: ఇంటి మీద ఇంకో అంతస్తు. ఒంటి అంతస్తు మిద్దె ఉంటుంది, పెంకుల మేడా ఉంటుంది.

మట్టిమిద్దె రాయలసీమకి తగిన ఇల్లు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. చౌడుమన్ను కప్పు దానికి ఓర్చుకుంటుంది. అమలాపురం వైపు కురిసేది ఇంచుమించు రెట్టింపు, ఆపైన తుపాన్లు. ఇక్కడ మట్టికప్పు ఉరవడం మొదలైతే ఆగదు. అందుకే పేదవాడి తాటాకైనా, కలవాడి పెంకైనా వాలుగానే దిగాలి.

మరి వాలుకప్పుతో పెద్ద ఇల్లు ఎలా? వెడల్పు పెంచితే నడిమి గదుల్లో చీకటి. ఆ చిక్కును మన మేస్త్రీలూ వడ్రంగులూ విప్పిన తీరు నాకు అపురూపంగా తోస్తుంది. ఇంటిని నాలుగు సన్నని వరుసలుగా చీల్చి, నడుమ చదరం వదిలి, నాలుగు చూరులూ లోపలికి వంచారు. అదే మండువా. వెలుగూ గాలీ పైనుంచి వస్తాయి, వాననీళ్లు నడుమ పడి తూము గుండా దొడ్లోకి పోతాయి. చుట్టూ స్తంభాల వసారాలో ఉమ్మడి కుటుంబమంతా తడవకుండా తిరుగుతుంది. వరదనీటికి అందకుండా అరుగులు ఎత్తుగా లేపారు.

ఇలాంటి లోగిళ్లు ఊరూరా లేవడానికి డబ్బు కావాలి. అది నీటితో వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది; గన్నవరం అక్విడక్టు గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలవను నగరం లంకకి దాటించింది. వరీ కొబ్బరీ ఎక్కిన పడవలు అవే కాలవల్లో కలపా సున్నమూ తెచ్చాయి. మన్యం టేకు తెప్పలుగా గోదావరి దిగేది. గూనపెంకుల చోటికి బిళ్లపెంకులు వచ్చాయి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు కర్మాగారం పెట్టి చేసిన రకం అది; మనవాళ్ల నోట ‘బెంగుళూరు పెంకు’ అయింది. కలిగినవాళ్లు మండువా ముందు వరుస మీద చెక్కమెట్లతో గది లేపారు. వాలుకప్పు కిందే మేడ వచ్చింది.

సిమెంటూ ఇనపచువ్వలూ వచ్చాక బల్లపరుపు కప్పు ఇక్కడా నిలిచింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారు. తాటాకులూ పెంకులూ ఎగిరిపోవడం చూసినవాళ్లకి స్లాబు మీద నమ్మకం కుదరడంలో తప్పేముంది? కానీ దాని కోసం గట్టి మండువాలను విప్పి, టేకు స్తంభాలనూ నగిషీ ద్వారబంధాలనూ అమ్ముకోవడం నాకు బాధగా ఉంటుంది. అవి నిలిచే ఇళ్లు.

ఆ కొత్త కప్పు ఆకారానికి మిద్దే. అయినా కోనసీమ దాన్ని మిద్దె అనలేదు, డాబా అంది. దాని మీద ఇంకో అంతస్తు లేచినప్పుడు మాత్రం పాతమాటే: ‘మేడ కట్టాడు’.