కొయ్యచట్రపు యిండ్లు

ఇంగ్లండులో పాతకాలపు యిండ్ల ప్రస్తావన రాగానే ఓకు మాను పేరు వస్తుంది. పచ్చి దుంగను చెక్కి, కుసిని బెజ్జంలో దూర్చి, కొయ్య చీలతో బిగించి చట్రం నిలపడం అక్కడి పద్ధతి. కొయ్య ఎండి ముడుచుకొన్నకొద్దీ ఆ కూర్పులు మరింత బిగిసిపోతాయి. 14వ శతాబ్ది చివర లండనులో వెస్ట్‌మినిస్టరు హాలుకు ఎత్తిన ఓకు పైకప్పు నేటికీ నిలిచివున్నది.

మన తెలంగాణలో ఆ స్థానం టేకుది. ఆదిలాబాదు, వరంగల్లు అడవుల టేకును ఎండబెట్టిగాని పనిలో పెట్టరు. ఓకులోని వగరు పదార్థం ఇనుమును తినివేస్తుంది. టేకులోని నూనె ఇనుమునకు హాని చేయదు. ఓడలు కట్టేవారు టేకును కోరుకొనడానికి ఇదొక కారణం. ఐనను మన వడ్రంగులు పెద్ద కూర్పులకు కుసినీ, చీలనే నమ్ముకొన్నారు. ఆ నమ్మకం వృథా పోలేదని పాత యిండ్లే సాక్ష్యం.

భవంతి యింటిని చూడండి. నడుమ వాకిలి, చుట్టూ పీటరాళ్ళపై నిలిచిన కంబాలు, వాటి తలలపై దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, ఆ పైన చెక్కలు పరచి మట్టి మిద్దె. కంబం నేలను తాకదు గనుక చెమ్మా, చెదలూ సులభంగా ఎక్కవు. కొన్ని యిండ్లలో మట్టిగోడను ఆనుకొని గూడ కంబాలు నిలిపేవారు. వానకు గోడ కరిగినా కప్పు కూలదు. గోడ మళ్ళీ పెట్టుకోవచ్చును. మట్టిపనినీ, కొయ్యపనినీ ఇట్లా వేరుచేసి ఆలోచించిన బుద్ధిని మనం తగినంత మెచ్చుకొనలేదు.

నగరంలోని దేవిడీలలో ఇదే పని అలంకారం తొడుక్కొన్నది. బాద్షాహీ ఆషూర్‌ఖానాకు నిజాం అలీఖాను కాలంలో కొయ్యకంబాల మంటపాలు చేర్చారు. చార్మినారు దాపున 1845లో కట్టిన మాల్వాలా ప్యాలెస్ చెక్కడపు పనికి పేరుపొందినది. రక్షింపవలసిన కట్టడాల జాబితాకెక్కి కూడ అది 2000లో చాలవరకు నేలమట్టమైనది.

జాబితాకెక్కిన రాజభవనం గతియే ఇది. ఏ జాబితాకూ ఎక్కని పల్లెయిండ్ల మాట వేరే చెప్పాలా? దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరు పరిసరాలలో సరూర్‌నగరు, కొత్తపేట, గడ్డిఅన్నారం, నాగోలు ఒకనాడు విడివిడి గ్రామాలు. ఇప్పుడవి పేటలు. 2007లో ఎల్బీనగరు పురపాలకం మహానగరంలో కలిసినది. 2018 సెప్టెంబరు 24న మెట్రో రైలు ఆ దారిన నడిచినది. భూమి వెల పెరిగిన చోట ఒక్క అంతస్తు మిద్దె నిలవడం కష్టం. వాటి యజమానులను తప్పుపట్టను. కారే కప్పుక్రింద కాపురముండేది వారు గాని మనం కాదు.

మట్టిగోడ మట్టిలో కలుస్తుంది. చీల ఊడదీస్తే కంబం చెడకుండా విడివడుతుంది గనుక కొయ్యకు మాత్రం గిరాకీ వుంటుంది. పాత కలప దుకాణంలో ద్వారబంధం ఒకరికి, దూలం మరొకరికి పోతాయి. ఏ కంబం ఏ దూలాన్ని మోసినదో ఆనాటితో తెలియకుండా పోతుంది. కొయ్య విప్పకముందే ఆ యింటి కొలతలు తీసి, ప్రతి కూర్పునూ బొమ్మగీసి వుంచడానికి వాస్తుశిల్పం చదివే విద్యార్థులను పంపవచ్చును. ఒక యింటికి రెండు రోజులు చాలు.