చీకో నదీతీరమున బొంతోక్ పట్టణము

ఒక ఊరి చరిత్రను తెలిసికొనగోరువాడు ముందుగా ఆ యూరికి నీరెచ్చటనుండి వచ్చుచున్నదో విచారింపవలెను. ఏలినవారెవరను ప్రశ్న పిదప అడుగవచ్చును. రాజులు వత్తురు, పోవుదురు. ఏరు మాత్రము నిలిచియుండును. ఈ మాటకు దృష్టాంతముగా, తూర్పు సముద్రములకు ఆవలనున్న ఒక కొండయూరి వృత్తాంతమును నేడు మీకు విన్నవించెదను. ఆ యూరిపేరు బొంతోక్. అది ఫిలిప్పీను దీవులలోనిది.

ఫిలిప్పీను దేశమున ఏడువేలకు మించిన దీవులు కలవు. వానిలో అన్నిటికంటె పెద్దది ఉత్తరముననున్న లూజాను. ఆ దీవి ఉత్తరభాగమున వెన్నెముకవలె ఒక పర్వతపంక్తి సాగియున్నది. స్పెయినుదేశమువారు దానికి కోర్డిల్యేరా యని పేరిడిరి. వారి భాషలో ఆ మాటకు పర్వతశ్రేణి యనియే యర్థము. అందలి పూలాగ్ శిఖరము 9,500 అడుగులకు పైబడిన యెత్తుగలది. డాటా యను మరియొక కొండ ప్రక్కలనుండి ఒక నది పుట్టి, లోయలను కోసికొనుచు ఉత్తరముగా ప్రవహించి, తుదకు కగయాను నదిలో కలియుచున్నది. ఆ దేశమున అన్నిటికంటె పొడవైన నది కగయాను. దానిలో కలియు ఈ యేటిని స్పెయినువారు చిన్న కగయాను అను నర్థమున చీకో యని పిలిచిరి. పేరు చిన్నదేకాని, ఆ కొండజాతులకు ప్రాణాధారమైనది ఈ నదియే.

చీకో నది కొండలను దాటుచు కొంత విశాలమైన లోయలోనికి ప్రవేశించుచోట, సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున, బొంతోక్ పట్టణము నెలకొనియున్నది. ఆ పేరునకు కొండ యని యర్థము చెప్పుదురు. నది కీవలి గట్టున బొంతోక్, ఆవలి గట్టున సమోకి యను పల్లె. సమోకి స్త్రీలు కుండలు చేయుటలో ప్రసిద్ధినందినవారు. చుట్టుప్రక్కల యూళ్లవారు వంటకుండలను వారియొద్దనే కొనుచుండిరి. 2020 జనాభా లెక్కలనుబట్టి, చుట్టునున్న పల్లెలతోగూడ బొంతోక్ జనసంఖ్య సుమారు 24 వేలు. ఇది మౌంటెన్ ప్రావిన్స్ అనబడు పర్వతమండలమునకు ముఖ్యపట్టణము.

సమతలభూమి యంతగా లేని యాచోట వరి యెట్లు పండునని మీరడుగవచ్చును. అచ్చటి పూర్వులు కొండవాలును మెట్లుమెట్లుగా త్రవ్వి, ప్రతిమెట్టునకు బండరాళ్లతో గోడ కట్టి, లోపల మట్టి నింపి మడులుగావించిరి. బొంతోక్‌నకు పైనున్న మలిగ్‌కోంగ్ గ్రామమున ఈ రాతిగోడల మడులు లోయ యడుగునుండి కొండ మీదివరకు వరుసలుదీరియుండును. వాగులనుండి కాలువలు తీసి, త్రోవలో లోయ యడ్డమువచ్చినచోట కొయ్యదోనెలు వేసి, నీటిని పైమడికి చేర్చుదురు. అది నిండి క్రిందిమడికి దిగును. ఏటియొడ్డు పొలములకై నదికడ్డముగా బండలు పేర్చి నీటిని మరలింతురు. వరద వచ్చి దానిని కొట్టుకొనిపోయిన మరల పేర్చుదురు.

పూర్వము వారు నాగలి యెరుగరు. పురుషులు కొయ్యగుంజలతో మన్ను పెల్లగించి త్రొక్కువారు. స్త్రీలు నారు నాటువారు. పందులను రాతిగోడల గుంటలలో పెంచి, ఆ పెంటను గంపలతో మడులకు మోసికొనిపోయెడివారు. వరి కోసిన పిదప నీరు తీసివేసి చిలగడదుంప నాటుదురు. ఎంత కష్టపడిన అంత పంట. ఒక గోడ కూలినయెడల దాని క్రిందిమడులన్నియు చెడును. కనుక అచ్చట ఒక్కని పొలము ఒక్కనిది కాదు; పైవాని శ్రద్ధ క్రిందివానికి కూడు.

ఈ మడులు రెండుమూడువేల యేండ్లనాటివని వెనుకటి పండితులు వ్రాసిరి. బొంతోక్‌నకు పొరుగున నున్న ఇఫుగావో మండలమున ఈ శతాబ్దిలో జరిగిన త్రవ్వకములు వేరొక మాట చెప్పుచున్నవి. అచ్చటి వరిమడులలో పెక్కు స్పెయినువారు వచ్చిన పిదప, అనగా సుమారు 400 ఏండ్లక్రిందట, మైదానములు విడిచి కొండలకెక్కిన జనులచే విస్తరింపబడినవని వానినిబట్టి కొందరు శాస్త్రజ్ఞులు వాదించుచున్నారు. ఇది నిజమైనచో ఆ మడుల గౌరవము తగ్గదు, హెచ్చును. అవి పరులకు లోబడనొల్లని జనులు కట్టుకొన్న కోటలని చెప్పవచ్చును.

ఇక ఊరి పాలన. అచ్చట రాజు లేడు, మునసబు లేడు. ఊరు అతో యను వాడలుగా విభక్తమైయుండెడిది. అమెరికాదేశపు పండితుడు ఆల్బర్ట్ జెంక్స్ 1903లో కొన్ని మాసములచ్చట నివసించి, తాను చూచినదానిని 1905లో గ్రంథముగా ప్రకటించెను. ఆనాడు బొంతోక్‌లో 17 అతోలుండెనని ఆయన వ్రాసెను. ప్రతి అతోకును రాళ్లు పరచిన యొక చావడి యుండును. మన రచ్చబండవలెనే అచ్చట వృద్ధులు కూర్చుండి తగవులు తీర్చుదురు. అవివాహితులైన యువకులు ఆ చావడిని చేరియున్న కుటీరముననే నిదురించెడివారు. నాట్లు, కోతలు, ఊరంతయు పనిమాని యుండవలసిన దినములు ఎప్పుడో పెద్దలే నిర్ణయింతురు. అట్టి దినమునకు తెయెర్ అని పేరు. ఆనాడు పొలము పోరాదు.

ఒక చేదు విషయమును దాచరాదు. పూర్వము ఆ కొండయూళ్లమధ్య పగలు మెండు. పగవాని తల నరికి తెచ్చుట వీరకార్యముగా నెంచబడెడిది. కాని ఆ రోగమునకు మందును గూడ వారే కనిపెట్టిరి. రెండూళ్లు సంధి చేసికొని విందు గుడుచును. బొంతోక్‌వారు దీనిని పెచెన్ అందురు; దిగువనున్న కలింగ మండలమువారు బొదోంగ్ అందురు. ఒక్కొక్క యూరినుండి ఒక్కొక్కడు ఆ సంధికి పూటకాపుగా నిలుచును. పొరుగూరివాడు తన యూరి పొలిమేరలలో గాయపడినను, చంపబడినను, దోషిని పట్టి పరిహారమిప్పించు భారము అతనిది. దోషి తన చుట్టమైనను విడువరాదు. తండ్రి పోయిన కొడుకో కూతురో ఆ భారము వహింతురు. కాగితము లేని యీ కట్టడియే తరువాతి కాలమున ఆ జనులను కాచినది. ఆ కథకే వచ్చుచున్నాను.

స్పెయినువారు 1565లో ఆ దీవులలో స్థిరపడిరి. కోర్డిల్యేరా కొండలలో బంగారమున్నదని విని పలుమారులు దండెత్తిరి. కాని కొండలవారు లోబడలేదు. ఎట్టకేలకు 19వ శతాబ్ది నడుమ బొంతోక్‌లో ఒక సైనికస్థానము నెలకొల్పిరి. పన్నులు, వెట్టిచాకిరి హెచ్చుటచే జనులు వారిని ద్వేషించిరి. 1898 డిసెంబరు 10న పారిస్ నగరమున జరిగిన సంధిచేత స్పెయిను ఆ దీవులన్నిటిని రెండుకోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించెను. ఆ బేరములో బొంతోక్ రైతునొక్కని మాటయు అడిగినవారు లేరు.

క్రొత్త ప్రభువులు బడులు కట్టిరి, త్రోవలు వేసిరి. ఇది చెప్పకుండుట అన్యాయము. అయితే 1904లో సెయింట్ లూయీ నగరమున గొప్ప ప్రదర్శనమొకటి జరిపినపుడు, బొంతోక్ స్త్రీపురుషులను సముద్రములు దాటించి కొనిపోయి, కంచెలోపల గుడిసెలు వేయించి, అనాగరికులని లోకమునకు చూపిరి. వారు తమ యూర అరుదుగా క్రతువులయందు చేయు కుక్కమాంసపు విందును అచ్చట వేడుకగా తరచు చేయించి, జనుల నాకర్షించిరి. అంతటితో ముగియలేదు. మునుపు ఆ కొండలలో అధికారము నెరపిన ట్రూమన్ హంట్ అను వైద్యుడు 1905లో ఒక జట్టును కొనిపోయి అమెరికాలో ఊరూర త్రిప్పెను. వారి జీతములను అపహరించెనని 1906లో అతనిపై న్యాయస్థానములలో అభియోగములు నడచినవి.

చదువు చెప్పుకొని బ్రతికినవాడను గనుక మరియొక సంగతిని విడువలేను. అట్లు ప్రదర్శనార్థమై చికాగో నగరమునకు వచ్చిన బొంతోక్‌వారియొద్ద సైడెనాడెల్ అను పండితుడు శిష్యుడై కూర్చుండెను. వారి నోటినుండి పలుకులు విని, విభక్తులను, క్రియారూపములను విడదీసి, 1909లో ఆ భాషకు మొదటి వ్యాకరణమును అచ్చువేసెను. వేలకొలది జనులు కంచెవెలుపల నిలిచి వారిని మృగములవలె చూచుచుండగా, ఒక్కడు లోనికి పోయి వారి భాష కొక శాస్త్రమున్నదని కనుగొనెను. చూచినవారందరును అదే మనుష్యులను చూచిరి, చూపులే వేరు.

1908లో అమెరికావారు ఆ కొండలన్నిటిని ఒక్క మండలముగా గూర్చి బొంతోక్‌ను దానికి రాజధానిగావించిరి. బాగ్యో నగరమునుండి బొంతోక్‌నకు కొండల కొనలమీదుగా సుమారు 90 మైళ్ల బాట 1930 నాటికి పూర్తియైనది. కొన్నిచోట్ల అది 7,000 అడుగులకు మించిన యెత్తున పోవును. ఆ పనిని నడపిన ఇంజనీరు హాల్సెమా పేరే దానికి నిలిచినది. 1946లో ఫిలిప్పీను దేశము స్వతంత్రమయ్యెను. 1966లో పాతమండలము నాలుగైనది. బొంతోక్ తన భాగమునకు ముఖ్యపట్టణముగానే యున్నది.

ఇప్పుడు అసలు పరీక్ష. 1972లో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ దేశమున సైనికశాసనము విధించెను. పిదప చీకో నదిపై నాలుగు ఆనకట్టలు కట్టి వేయి మెగావాట్లకు పైబడిన విద్యుచ్ఛక్తిని తీయుటకు ప్రణాళిక యొకటి సిద్ధమైనది. వానిలో రెండు బొంతోక్ నెలవైన పర్వతమండలమున, రెండు కలింగ మండలమున. విద్యుత్తు దేశమున కవసరమే, కాదనరాదు. కాని మునిగిపోవునవి తరతరముల రాతిమడులు, పితరుల సమాధులు, ఇండ్లు. మునిగిన మడికి మారుగా మైదానమున భూమి ఇత్తుమనిరి. తాతలు రాయిరాయిగా పేర్చిన గోడకు వెల కట్టువారెవరు?

ఇచ్చట కలింగమన్న పేరు విని మన కళింగదేశమువా రచ్చటికి పోయిరేమో యని సంతోషింపకుడు. ఆ పేరునకు దిగువమైదానపు భాషలలో శత్రువని, తలలు నరుకువాడని యర్థము చెప్పుదురు. మన కళింగముతో దానికి సంబంధము లేదు. శబ్దసామ్యము చరిత్ర కాదు.

కొలతలు తీయ వచ్చినవారిని ఊళ్లవారు మాటిమాటికి త్రిప్పి పంపిరి. స్త్రీలు ముందు నిలిచి, వారి గుడారములను పీకి, మోసికొనిపోయి సైనికుల శిబిరమున దించివచ్చిరి. ఒకప్పుడు తలలు నరుకుకొన్న బొంతోక్, కలింగజాతుల పెద్దలు 1975లో ఒక్కచోట కూడి, పూర్వాచారపు సంధినే విస్తరించి యొక కట్టడి చేసికొనిరి. ఆనకట్ట పనికి ఎవడును పోరాదు. పోయి ప్రాణము కోల్పోయినవానికై వాని యూరివారు పరిహారమడుగరాదు. రెండూళ్ల పగలు తీర్చుటకు పుట్టిన ధర్మము నదినంతటిని కాచు ధర్మమైనది. ఆ యేటనే ప్రభుత్వము బొంతోక్ వైపు పని నిలిపి, దిగువ కలింగమువైపు మరలెను.

కలింగమున బుగ్నాయ్ గ్రామపెద్ద మక్లీయింగ్ దులాగ్. చదువులేని రైతు. భూమి మనకంటె ఎక్కువకాలము బ్రతుకునది గనుక దానికి మనము యజమానులమనుట తగదని ఆయన వాదము. ధనమిత్తుమన్నను పుచ్చుకొనలేదు. 1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన యింటిపై తుపాకులు పేల్చి ఆయనను చంపిరి. భయముచేత జనులు చెదరుదురని వారు తలచియుందురు. జరిగినది విపరీతము. ఊళ్లన్నియు మరింత గట్టిగా కూడినవి, ప్రపంచబ్యాంకు వెనుదీసెను, 1986లో మార్కోస్ ప్రభుత్వము పడిపోయిన పిదప ఆ ప్రణాళిక విడువబడినది. నాటినుండి ఏటేట ఏప్రిల్ 24ను ఆ కొండలవారు స్మరణదినముగా జరుపుచున్నారు. 1997లో ఆదిమజాతుల హక్కులకై ఆ దేశము శాసనమొకటి చేసెను. వారి భూములలో పనిచేయదలచినవారు ముందుగా అన్ని సంగతులు తెలిపి వారి సమ్మతి పొందవలెనని దానిలో నున్నది. శాసనము వ్రాయుట వేరు, జరుపుట వేరు. అయినను ఆ యక్షరములు పడుటకు ప్రాణములే వెలయైనవి.

నేడు బొంతోక్‌లో బడులు, ఆసుపత్రి, అంగళ్లు కలవు. మదర్ బాసిల్ గెకీర్ అను బెల్జియము సన్న్యాసిని నెలకొల్పిన ప్రదర్శనశాలలో పూర్వపు పనిముట్లు, గంపలు, ఛాయాచిత్రములు భద్రపరుపబడియున్నవి. సెయింట్ లూయీలో వారిని చూపినవారు పరులు. ఇచ్చట తమ పూర్వులను తమ బిడ్డలకు తామే చూపుకొనుచున్నారు.

పెద్దలారా, ఆ యూరివారికి కోటలు లేవు, శాసనస్తంభములు లేవు. పైమడివాడు క్రిందిమడివానికి నీరు విడువవలెనను మర్యాద యొకటి, పొరుగూరితో ఆడిన మాట తప్పరాదను కట్టడి యొకటి, ఈ రెండే వారి యాస్తి. ఆ రెంటితోనే వారు తమ నదిని నిలుపుకొనిరి. చెరువునీటికై, కాలువవంతులకై తగవులు తీర్చిన మీకు ఇది క్రొత్త మాట కాదు. మీ యూరి మనుమలు చావడిచెంత చేరినపుడు ఈ కథ నొకసారి చెప్పుడు.