క్లచ్ ప్లేటు కథ: తోలు నుంచి రాతినార దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, "నాకు తెలిసింది స్పానర్ల పని ఒక్కటే కదండీ" అన్నాను. "అయితే అదే రాయండి" అన్నారు. మన శాఖ గ్యారేజీలో 1969లో హెల్పరుగా చేరి, మెకానిక్కుగా రిటైరైన వాణ్ణి. నా చేతుల మీదుగా ఎన్నో క్లచ్చులు దిగాయి, ఎన్నో ఎక్కాయి. ఆ క్లచ్ ప్లేటుకు పెద్ద చరిత్రే ఉంది. అందులో మనబోటి వారికి నేటికీ పనికొచ్చే సంగతి ఒకటుంది.

కారు ఆగినా ఇంజను తిరుగుతూ ఉండాలి. అందుకని ఇంజనుకూ చక్రాలకూ మధ్య ఒక పట్టు, ఒక విడుపు కావాలి. అదే క్లచ్. పాతకాలపు పిండిమర చూసిన వారికి ఇది తేలికగా బోధపడుతుంది. ఉత్తగా తిరిగే పుల్లీ మీది బెల్టును పక్క పుల్లీ మీదికి జరిపితే మర కదులుతుంది. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల మోటారు బండిలోనూ ఇదే పద్ధతి.

తరువాత గరాటు ఆకారపు క్లచ్చులు వచ్చాయి. వాటికి తోలు తొడుగు ఉండేది. తోలు ఎండితే క్లచ్ దబ్బున పట్టి బండి ఎగిరి పడేది. అప్పుడు ఆముదం వంటి నూనె రాసి మెత్తబరిచేవారు. నూనె ఎక్కువై జారితే ముల్తానీ మట్టి లాంటి పొడి చల్లి పట్టు తెప్పించేవారు. మోటారు రిపేరు కూడా ఒకప్పుడు ఇంటి వైద్యంలాగే సాగిందన్న మాట!

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, గుర్రపు బండ్ల వాళ్లు పల్లంలో దిగేటప్పుడు బ్రేకుకు పాత బూటు అడ్డం పెట్టడం గమనించాడట. అంతకన్నా మంచి పదార్థం కోసం 1897లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. మెకానిక్కులందరికీ తెలిసిన ఫెరోడో పేరు ఆయన పేరులోని అక్షరాలతో కూర్చినదే. ఆయన 1908 నాటికి రాతినారను, అంటే ఆస్‌బెస్టాస్‌ను, వాడటం మొదలుపెట్టాడు. ఎంత వేడికీ కాలదు, చవక, గట్టి పట్టు. ఇంకేం, ప్రపంచమంతటా బ్రేకులకూ క్లచ్చులకూ అదే లైనింగు అయింది.

మా షెడ్డుకు ఎక్కువగా అంబాసిడర్లు, జీపులు వచ్చేవి. ఒకరోజు ఒక ఆఫీసరు గారి కారు వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది గాని బండి కదలడం లేదు. "క్లచ్ ప్లేటు పోయింది, మార్చాల్సిందే" అన్నాడు డ్రైవరు. నేను కొత్త హుషారులో స్పానర్లు తీసుకుని కారు కిందికి దూరాను. మా హెడ్ మేస్త్రీ గారు కేక వేశారు: "ఆగరా! గేరుబాక్సు దించే ముందు పెడల్ మీద చెయ్యి పెట్టి చూడు."

చూస్తే పెడల్‌కు ఉండాల్సిన ఖాళీ లేనే లేదు. సుమారు ఒక అంగుళం దూరం పెడల్ తేలికగా ఆడాలి. అది లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఒత్తుకునే ఉంటుంది. స్ప్రింగులు ప్లేటును పూర్తిగా నొక్కలేవు. క్లచ్ జారుతుంది. నట్టు రెండు చుట్లు తిప్పి ఖాళీ ఇచ్చాం. పావుగంటలో పని అయిపోయింది. నాలుగు రోజులు ఆలస్యమైతే ప్లేటు నిజంగానే కాలిపోయేది.

ఆయన నేర్పిన పరీక్షలు ఇప్పటికీ నాలుక చివర ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు లాగి, టాప్ గేరులో వేసి, మెల్లగా క్లచ్ వదిలితే ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ జారుతోందన్న మాట. పెడల్ తొక్కినప్పుడే గరగర వస్తే రిలీజ్ బేరింగు. తొక్కగానే చప్పుడు ఆగిపోతే గేరుబాక్సు బేరింగు. గేరు కరకరమంటూ పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. బయలుదేరేటప్పుడు బండి వణికితే ప్లేటుకు ఆయిల్ తగిలిందేమో, ఇంజను మౌంటింగులు వదులయ్యాయేమో చూడాలి. కాలు, చెవి, ముక్కు – ఈ మూడే మా పరికరాలు.

ప్లేటు నిజంగా అరిగితే గేరుబాక్సు దించక తప్పదు. కవరు బోల్టులు ఒకేసారి విప్పకూడదు. ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయాలి, లేకపోతే కవరు వంకర పోతుంది. ఫ్లైవీలు మీద నీలం మచ్చలుంటే బాగా వేడెక్కిందని గుర్తు. ఆయిల్ కారుతుంటే ముందు అది ఆపాలి, లేదా కొత్త ప్లేటూ పాడవుతుంది. ప్లేటు నట్టనడుమ కూర్చోవడానికి పాత గేరు షాఫ్టు ముక్క ఒకటి దాచి ఉంచుకునేవాళ్లం. డబ్బు ఆదా కోసం పాత ప్లేటుకే రివెట్లు ఊడగొట్టి కొత్త లైనింగు బిగించిన రోజులూ ఉన్నాయి.

అసలు చెప్పవలసింది ఇక్కడే. కవరు తీయగానే లోపల నల్లటి దుమ్ము కనిపించేది. గాలి గొట్టం పెట్టి 'ఫూ' అని ఊదేవాళ్లం. షెడ్డంతా పొగమంచులా లేచేది. ఆ పక్కనే కూర్చుని టిఫిను డబ్బాలు విప్పేవాళ్లం. ఆ ఖాకీ బట్టలను మా ఆవిడ ఇంటి దగ్గర దులిపి ఉతికేది. ఆ దుమ్ములో రాతినార ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

తెలియక కాదు, మాదాకా రాలేదు. రాతినార దుమ్ముతో ఊపిరితిత్తులు చెడి ఒక కార్మికురాలు చనిపోయిన సంగతి 1924లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1931లో అక్కడి ఫ్యాక్టరీలకు నిబంధనలు వచ్చాయి. నేను స్పానరు పట్టింది ఆ తరువాత 38 ఏళ్లకు! మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ ఈ నార గనులు నడిచాయి. 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. రాతినార పనివారి ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం మానిన తరువాత 15 ఏళ్లు, ఏది తరువాతైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఎందుకంటే ఈ జబ్బు దశాబ్దాల తరువాత బయటపడవచ్చు. బ్రిటన్ 1999లో ఈ నారను పూర్తిగా నిషేధించింది. ఇప్పుడు గాజు పీచు, అరామిడ్ పీచు వంటి వాటితో లైనింగులు చేస్తున్నారు.

మా మేస్త్రీ గారు రిటైరయ్యాక ఆయాసంతో బాధపడి కన్నుమూశారు. అది ఆ దుమ్ము వల్లనేనని నేను అనలేను, డాక్టర్లు అలా చెప్పనూ లేదు. కానీ మీరేం పని చేసేవారని ఆయన్ను ఏ డాక్టరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

అందుకే నా విన్నపం. ఎవరినీ భయపెట్టడానికి కాదు. గ్యారేజీల్లో పనిచేసిన మిత్రులు తగ్గని దగ్గో, ఆయాసమో ఉంటే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్నేళ్లు ఏ పని చేశారో మొదటే చెప్పండి. ఆ బట్టలు ఉతికిన ఇల్లాళ్లకూ ఇదే మాట. బీడీ, సిగరెట్టు ఉంటే మానండి, ఈ నారకు పొగ తోడైతే ముప్పు ఎక్కువ. ఈ పనిలో ఉన్న మీ పిల్లలకు చెప్పండి: పాత ప్లేటు దుమ్మును గాలితో ఊదవద్దు, తడిగుడ్డతో తుడవాలి.

పెడల్ చూడకుండా గేరుబాక్సు దించవద్దన్నారు మా మేస్త్రీ గారు. మన ఒంటి విషయంలోనూ ముందు అడగవలసింది అడిగి, చెప్పవలసింది చెబితే సగం రిపేరు అయినట్టే. సెలవు.