గొళ్లెం లేని పిస్తోలు

ముప్పై ఏళ్లు లేత్ మిషను మీద బతికినవాణ్ణి. డల్లాస్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు అల్లుడు ఒక మ్యూజియం చూపిస్తానని తీసుకెళ్లాడు. జెండాలూ జీన్లూ అతనికి వదిలేసి నేను ఒక అద్దాల పెట్టె దగ్గర ఆగిపోయాను. లోపలున్నది 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్.

మన కౌబాయ్ సినిమాల్లో వేలికి తగిలించి గిరగిర తిప్పే పిస్తోలు కాదిది. బరువు రెండు కిలోల పైమాటే. గొట్టమే తొమ్మిది అంగుళాలు. నడుముకు కట్టుకుంటే ప్యాంటు జారుతుంది. అందుకే జీను ముందు తోలు ఒరల్లో పెట్టేవాళ్లు, మోత గుర్రానిది.

శామ్యూల్ కోల్ట్ 1836లో న్యూజెర్సీలోని పాటర్సన్‌లో ఐదు గుళ్ల రివాల్వర్లు మొదలుపెట్టాడు. కొనేవాళ్లు లేక 1842 నాటికి కంపెనీ మూతపడింది. ఆ రివాల్వర్లలో కొన్ని సరిహద్దుల్లో పోరాడే టెక్సాస్ రేంజర్ల చేతికి చేరాయి. అప్పటిదాకా రేంజరు ఒక్క గుండు పేల్చి మళ్లీ మందు దట్టించుకునేలోపు అక్కడి కొమాంచీ తెగ విలుకాడు గుర్రం దిగకుండానే అరడజను బాణాలు వేసేవాడు. 1844 జూన్‌లో వాకర్స్ క్రీక్ దగ్గర పదిహేను మంది దాకా రేంజర్లు తమకు నాలుగైదింతలున్న కొమాంచీలను ఈ పిస్తోళ్లతోనే తరిమారు. ఆ పోరులో ఈటె పోటు తిన్న రేంజరు శామ్యూల్ వాకర్.

అమెరికాకు మెక్సికోతో యుద్ధం వచ్చాక, 1846 చివర్లో, ఈ ఇద్దరు శామ్యూళ్ల మధ్య ఉత్తరాలు నడిచాయి. వాకర్ అడిగినవి వాడినవాడు అడిగేవే: ఆరు గుళ్లుండాలి, గుండు పెద్దదవ్వాలి, విప్పదీయకుండానే మందు నింపగలగాలి. ప్రభుత్వం వెయ్యి పిస్తోళ్లు అడిగింది. కోల్ట్‌కు అప్పుడు ఫ్యాక్టరీ లేదు! కనెక్టికట్‌లో ఎలై విట్నీ కొడుకు కార్ఖానాలో చేయించాడు. పత్తి గింజలు తీసే యంత్రంతో పేరుపడ్డ విట్నీ కొడుకే.

నింపే పద్ధతి చూస్తే మా ఖమ్మం వైపు భర్మార్ తుపాకీ గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఒకాయన గొట్టంలో మందు పోసి, చువ్వతో దట్టించడం గుడ్లప్పగించి చూసేవాణ్ణి. ఇక్కడ ఆ పని ఆరుసార్లు. సిలిండర్‌లో ప్రతి గదిలో మందు పోయాలి, సీసం గుండు పెట్టాలి, గొట్టం కిందున్న లీవరుతో లోపలికి నొక్కాలి. ఒక గది నిప్పు పక్క గదికి అంటుకోకుండా పైన కొవ్వు రాయాలి. వెనకాల ఆరు ముక్కులకు ఆరు రాగి టోపీలు తొడగాలి. సుత్తి పడితే టోపీలోని పాదరసపు మందు అంటుకుని, ఆ నిప్పు లోపలికి పాకుతుంది.

గదికి దాదాపు నాలుగు గ్రాముల మందు పట్టేది. చేతి పిస్తోలుకు అది చాలా ఎక్కువ. ఆనాటి ఇనుము తట్టుకోలేదు, సిలిండర్లు పగిలాయి. మొన తేలిన గుళ్లను కొందరు తలకిందులుగా పెట్టి మందుకు ఇంకాస్త చోటు చేశారు. ఇనుముదెంత తప్పో, సిపాయిలదీ అంత.

నాకు బాధ కలిగించింది మాత్రం ఆ లీవరు. దాన్ని పట్టి ఉంచడానికి చిన్న స్ప్రింగు ఒక్కటే ఉంది. పేలిన అదురుకు లీవరు జారి, దాని కడ్డీ సిలిండర్ మూతిలో దూరేది. ఇక సిలిండర్ తిరగదు. ఎదురుగా శత్రువుండగా రెండు కిలోల ఇనుము చేతిలో పట్టుకుని నిలబడాలి! తోలు తాడుతో కట్టుకున్నవాళ్లున్నారు. 1848లో వచ్చిన డ్రాగూన్ రివాల్వర్‌లో గొట్టం ఏడున్నర అంగుళాలకు తగ్గింది, సిలిండర్ పొట్టిదైంది, లీవరు కొసకు గొళ్లెం వచ్చింది. మా వర్క్‌షాపులో మొదటి ముక్క చూడగానే చెప్పేవాళ్లం ఆ మాట.

సిలిండర్ చుట్టూ రేంజర్లు, కొమాంచీల పోరు బొమ్మ చెక్కారు. పారిపోతున్నది కొమాంచీలే. తుపాకీ అమ్మేవాడు గీయించిన బొమ్మ మరి!

వాకర్‌కు కోల్ట్ పంపిన జత 1847 అక్టోబరులో అందింది. ఆ నెల 9న మెక్సికోలోని హువామాంట్లా పోరులో అతను చనిపోయాడు. తన పేరున్న పిస్తోలు అతని చేతిలో ఉన్నది కొద్ది రోజులే.

బయటికొచ్చాక అల్లుడు ఫోన్ చూసి, "మామయ్యా, 2018లో ఇలాంటిదొకటి వేలంలో పద్దెనిమిది లక్షల డాలర్ల పైన పలికిందట" అన్నాడు.

"గొళ్లెం లేనిదానికా?" అన్నాను.