పుంటికూర కాయలూ, మెక్సికో క్రిస్మసూ

ప్రతి డిసెంబరులో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి తిరుగుతుంది. విదేశీ పండగలొద్దు, విదేశీ తిండి వద్దు, మన సంప్రదాయం కాపాడుకుందాం అని. ఈసారి పంపింది స్వయానా మా చిన్నాయన. ఆ పొద్దున ఎమ్మిగనూరులో ఆయన తిన్న టిఫినేంటో నాకు తెలుసు: ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలోదే కాబట్టి ఉగ్గాని మాదా బళ్ళారి వాళ్ళదా అనే తగవు ఎలాగూ ఉంది. మిరపకాయ మాత్రం ఇద్దరిదీ కాదు, మెక్సికోది.

గ్రూపులో పెద్దాయనకి ఎదురు చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

కొన్నేళ్ళ కిందట ప్రాజెక్టు పనిమీద టెక్సాస్‌లో ఉన్నప్పుడు మా టీములో మెక్సికో ఆయనొకరు వాళ్ళింటికి పొసాదాకి పిలిచాడు. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రుల వేడుక అది. మరియ, యోసేపు తలదాచుకోడానికి చోటు వెతుక్కున్నట్టు తలుపులు తట్టి పాడతారు. లోపలికి రానిచ్చాక తిండి. మెక్సికో నగరం దగ్గర అకోల్మాన్ మఠంలో 1587 ప్రాంతంలో మొదలైందంటారు.

తమాలే పెట్టారు. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బిన పిండిని పొత్తు పొట్టులో చుట్టి ఆవిరికి ఉడికిస్తారు. నాకోసం మాంసం లేకుండా మిరపకాయ, చీజు పెట్టినవి విడిగా చేశారు. పిండిలో పంది కొవ్వు కలుపుతారన్న సంగతి తర్వాత తెలిసింది. అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు.

అసలు కథ తాగేదాని దగ్గరుంది. దాని పేరు పోంచే. పెద్ద గిన్నెలో చెరకు ముక్కలు, జామకాయలు, తెహోకోతే అనే అక్కడి చిన్న పండ్లు, దాల్చినచెక్క, చింతపండు వేసి పిలోన్‌సియో బెల్లంతో కాస్తారు. ఎర్రగా పుల్లగా రావడానికి వేసే పూరేకుల్లాంటివి చూసి ఆగిపోయా. ఎర్ర గోంగూర కాయల మీది తొడిమ రేకులు! మా వైపు పుంటికూరంటాం.

గోంగూర, చింత రెండూ ఆఫ్రికాలో పుట్టినవే. చింతని వాళ్ళు తమరిందో అంటారు. అరబ్బులు పెట్టిన 'తమర్ హింద్' అనే పేరది, హిందూదేశపు ఖర్జూరమని అర్థం. చెరకుని కొలంబస్ 1493లో ఆవలికి పట్టుకెళ్ళాడు. పోంచే అన్న పేరే ఇంగ్లీషు పంచ్ నుంచి వచ్చింది. ఆ పంచ్ మన 'పంచ', అంటే అయిదు సరుకుల పానీయమని చాలామంది చెప్తారు, అందరూ ఒప్పుకోరనుకోండి.

చివర్లో పిల్లలు పిన్యాటాని కర్రతో పగలగొడితే చెరకు ముక్కలతోబాటు రాలినవేంటి? బుడ్డలు! వేరుశనక్కాయలండీ. అవి పుట్టింది దక్షిణ అమెరికాలో. ఆదోని మార్కెట్టుకి బండ్లకొద్దీ వచ్చే బుడ్డలూ, పత్తీ రెండూ సముద్రం దాటొచ్చినవే. ఇప్పుడు మనం ఎక్కువగా వేసే పత్తి రకానిది మెక్సికో మూలం.

మన దగ్గర దీనికి సాక్ష్యం కావాలంటే తద్దినం వంట చూడండి. మా తాత తద్దినానికి అవ్వ మిరపకాయ ముట్టేది కాదు, మిరియాలే. టమాటా, ఆలుగడ్డ ఇంట్లోకే రానిచ్చేది కాదు. ఎందుకంటే 'ఆనవాయితీ' అనేది. పోర్చుగీసు వాళ్ళు 16వ శతాబ్దంలో మిరప తేకముందు వంటిల్లు ఎలా ఉండేదో ఆ విస్తరి గుర్తుపెట్టుకుంది. మిరపకాయ పేరు కూడా మిరియం నుంచి తీసుకున్నదే. మెక్సికో వాళ్ళేమో క్రిస్మస్ ముందురాత్రి స్పెయిన్ నుంచొచ్చిన ఎండు చేప కూరనీ, అంతకు ముందునుంచీ తింటున్న రొమెరితోస్ ఆకుకూరనీ ఒకే బల్లమీద పెట్టుకుంటారు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి పోంచే సంగతి చెప్పా.

"పుంటికూర కాయలా? మనం ఆకు గిల్లుకుని మేకలకేస్తాం గదరా!"

"వీళ్ళు బెల్లంతో కాచి తాగుతారమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, "బెల్లం ఎంతేస్తారంట?"